నిరాశా, నిస్పృహా? ఓ జాంబీ సిరీస్ తెచ్చిన తగువు

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. 2022లో వచ్చిన కొరియన్ సిరీస్ ‘ఆల్ ఆఫ్ అస్ ఆర్ డెడ్’ మీద కాలేజీ మ్యాగజైన్‌కి ఓ పేజీ రాసింది. హైస్కూలు పిల్లలు జాంబీల (ఒంటిమీద తెలివి లేకుండా తిరుగుతూ మనుషుల్ని పీక్కుతినే నడిచే శవాల) మధ్య ఇరుక్కుపోయిన కథ. నానా తంటాలు పడి మేడ మీదికి చేరితే, వచ్చిన హెలికాప్టర్ కాస్తా పైనుంచి ఆర్డరు రాగానే వీళ్లని వదిలేసి వెళ్లిపోతుంది. అక్కడ మా అమ్మాయి “పిల్లలు నిస్పృహలో కూరుకుపోయారు” అని రాస్తే, మాస్టారు ఎర్రసిరాతో కొట్టేసి “నిరాశ” చేశారట. “రెండూ ఒకటేగా నాన్నా?” అంటోంది. ఒకటేనా అండీ?

— కాదండీ. హెలికాప్టర్ వెనక్కి తిరిగిన క్షణం నిరాశే, అంతవరకు మాస్టారిదే రైటు. మర్నాడు దాహమేస్తున్నా లేవబుద్ధి కాకపోతే అది నిస్పృహ. నిరాశపడ్డవాడు ఏడుస్తాడు, తిడతాడు. రెండోవాణ్ణి మనం తిట్టినా పలకడు.

— సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. గీతలో “విహాయ కామాన్ యః సర్వాన్ పుమాంశ్చరతి నిస్పృహః” (2-71) అన్నచోట నిస్పృహుడంటే పొగడ్త, శాంతి దొరికేది అతనికే. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట మంచం పట్టింది.

— మనకి స్పృహ అంటే తెలివి కదండీ? “స్పృహ తప్పాడు” అంటాం, “సామాజిక స్పృహ” అంటాం.

— తమాషా అక్కడే ఉంది. జాంబీకి తెలుగు స్పృహ బొత్తిగా లేదు, సంస్కృత స్పృహ మాత్రం దండిగా ఉంది, కండ కనిపిస్తే చాలు. మేడ మీది పిల్లలది తలకిందులు. ఒంటిమీద తెలివి ఉంది, ఇక ఏదీ అక్కర్లేదనిపిస్తోంది. అమ్మాయి మాట కొట్టేయాల్సింది కాదు, నాలుగు వాక్యాలు కిందికి జరపాల్సింది.

— పనిలో పని, జాంబీని ‘జీవచ్ఛవం’ అందామా?

— వద్దండీ. “కొడుకు పోయాక ఆవిడ జీవచ్ఛవంలా అయిపోయింది” అంటాం. అది కూడా జాంబీకి కాదు, ఏదీ అక్కర్లేదనిపించే ఆ పిల్లలకి సరిపోయే మాటే. అన్నట్టు, ఒత్తు సరిగ్గా పెట్టినందుకు ధన్యవాదాలు. జీవత్ + శవం. ‘జీవచ్చవం’ అని చూసీ చూసీ కళ్లు కాయలు కాశాయి.

— అందరికీ థాంక్సండీ. అమ్మాయికి చదివి వినిపించాను. మ్యాగజైన్ ‘నిరాశ’తోనే ప్రింటుకి వెళ్లిపోయిందట. ఇప్పుడేమో “జాంబీకి ఉండేది ఆకలి కదా నాన్నా, ఆకలి కోరికెలా అవుతుంది?” అని పట్టుకుంది. దీనికి వేరే పోస్టు పెడతాను.