సంక్రాంతికి ఇవ్వడానికి మన సరిహద్దు చేతిపనులు: ఏం చూసి కొనాలి, ఎప్పుడు చెప్పాలి

పర్లాకిమిడి_కోటవీధి
పండక్కి ఆడపిల్లలకీ అల్లుళ్లకీ ఒడిశాలో మన సరిహద్దునున్న గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల చేతిపనులే పెడదామనుకునేవాళ్ల కోసం ఈ చర్చ. ఎవరికి ఏ పని తెలుసో అది రాయండి. కొట్ల పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు.

మా పర్లాకిమిడి కొమ్ము పనితో మొదలెడతాను. కొంగలు, రొయ్యలు, దువ్వెనలు, దేవుడి బొమ్మలు అన్నీ ఆవు, గేదె కొమ్ములతో చేసేవే. గేదె కొమ్ము నలుపు. ఆవు కొమ్ములో తెలుపు, గోధుమ చారలు కనిపిస్తాయి. కొమ్ము కొన నిండుగా ఉంటుంది, మొదలు బోలు. గట్టి బొమ్మలు కొన నుంచి చెక్కుతారు. దువ్వెనకైతే బోలు భాగాన్ని వేడిచేసి, చీల్చి, బల్లపరుపుగా నొక్కుతారు. తర్వాత ఎప్పుడు గట్టిగా వేడి తగిలినా ఆ ముక్క పాత వంపుకే పోతుంది. అందుకే దువ్వెనను వేడినీళ్లలో కడగకూడదు, ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. బహుమతితో పాటు ఈ మాట చీటీ మీద రాసి పెట్టండి.

కొనేటప్పుడు కొంగ మెడ, కాళ్ల దగ్గర వేలితో తడమండి. అతికించిన చోట గమ్ గీత తగిలితే వేరేది తీసుకోండి, ముందు ఊడేది అక్కడే. పొరలు లేచినట్టు సన్నని తెల్లగీతలు కనబడితే కొమ్ము ఎండిపోయి చీలుతోందని అర్థం.

ఇచ్ఛాపురం_బండి
కోటవీధి గారూ, ప్లాస్టిక్‌వి కలిపేస్తున్నారు కదా, పోల్చడం ఎలా?

పర్లాకిమిడి_కోటవీధి
ఫోన్ టార్చి వెనక పెట్టి చూడండి. ఆవు కొమ్మైతే పల్చటి చోట వెలుతురు పారుతుంది, లోపల చారలు ఒకదానికొకటి పోలిక లేకుండా వంకరగా పోతాయి. ప్లాస్టిక్‌లో రంగు ఒకేలా ఉంటుంది, పక్కన అచ్చు అతుకు గీత దొరుకుతుంది. నల్ల గేదె కొమ్ములో వెలుతురు పారదు. అప్పుడు అడుగున గరుకు కాగితంతో కాస్త రుద్దమనండి, వెంట్రుక కాలిన వాసన వస్తుంది. ఎదురుగా చేసేవాళ్లుంటే వాళ్లే రుద్ది చూపిస్తారు.

ఇంకోటి, కొమ్మును పురుగు తింటుంది. ఏడాదికి రెండు మూడుసార్లు కొబ్బరినూనె పల్చగా రాసి తుడవాలి. అద్దాల బీరువాలో పెడితే పక్కన కలరా ఉండలు వేయాలి. విదేశాల్లో ఉన్న పిల్లలకు మాత్రం కొమ్ము వస్తువు పంపకండి. జంతువుల నుంచి వచ్చిన వస్తువని కస్టమ్స్‌లో ఆపే అవకాశం ఉంది.

రాయగడ_స్టేషన్‌రోడ్
డోక్రా, అంటే మైనం అచ్చుతో పోత పోసే ఇత్తడి బొమ్మల గురించి నేను రాస్తాను. మట్టి ముద్ద చేసి, దాని మీద తేనెమైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగించిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది, కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. పది ఇళ్లకు పది ఏనుగులు అచ్చుగుద్దినట్టు కావాలంటే డోక్రా జోలికి పోకండి.

మట్టి అచ్చు తడిగా ఉండగా లోహం పోస్తే ఆవిరి పుట్టి పగులుతుంది. అందుకే ముసురు పట్టిందంటే పని నిలిచిపోతుంది. దసరాకు కావాలంటే వానలకు ముందే చెప్పాలి. సంక్రాంతికి అక్టోబరు చివర చెబితే మధ్యలో తుపాను పట్టినా సర్దుకుంటుంది.

బోలు బొమ్మల్లో లోపలి మట్టి అలాగే ఉండిపోతుంది. తూకానికి అమ్మినచోట ఆ మట్టికీ ఇత్తడి ధర కడతారు. అడుగున చిల్లు ఉందేమో చూడండి, ఊపితే మన్ను రాలుతుందేమో చూడండి. బేరమాడమని కాదు, ముక్కకింత అని ధర మాట్లాడుకోండి. తర్వాత బొమ్మను నున్నటి బల్ల మీద పెట్టి చూడండి. ఒక కాలు లేస్తే ఆకురాయితో రెండు నిమిషాల్లో సరిచేసి ఇస్తారు, ఇంటికి తెచ్చాక మనవల్ల కాదు. చిన్న సూది రంధ్రాలు సహజం. కాలి మడమ దగ్గర పెద్ద గుంట ఉండి నల్ల ముద్దతో పూడ్చారంటే మాత్రం లోహం అక్కడిదాకా పారలేదన్నమాట. ఆ కాలు విరుగుతుంది.

పాత ఇత్తడి సామాను కరిగించి పోస్తారు, అందులో సీసం కలిసి ఉండొచ్చు. డోక్రా గిన్నెలో తినేవి పెట్టకండి.

బరంపురం_మగ్గం
బరంపురం పట్టుకు 2012లో జీఐ (ఈ వస్తువు ఫలానా చోటిదే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అంచులో గుడి గోపురాల్లా ఉండే కుంభం నేతే దీని గుర్తు. అల్లుడికైతే పంచె, ఉత్తరీయం కలిసిన జోడు అడగండి. ఇంతకంటే నిండైన బహుమతి మన వైపు లేదని నా అభిప్రాయం.

సిల్క్ మార్క్ చీటీ చెప్పేది దారం అసలు పట్టని మాత్రమే, చేనేత అని కాదు. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంటుంది. రెండూ అడగండి. చీటీ లేకపోతే కొంగు చివర పడుగు (నిలువు) పోగొకటి, పేక (అడ్డ) పోగొకటి విడివిడిగా తీసి కాల్చండి. పట్టు అయితే జుట్టు వాసనతో కాలి, నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పడుగు పట్టు వేసి పేకలో పాలిస్టర్ నేసినవి తిరుగుతున్నాయి, ఒక్క పోగుతో సరిపెట్టకండి.

జయపురం_సంత
మా కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత మరిచిపోయారు. ఒడిశాలో జీఐ దక్కిన తొలి వస్తువు అదే, 2005లో. నూలుకు ఆముదం, పేడ, కట్టెల బూడిద పట్టించి, ఆల్ చెట్టు వేరు రంగులో ముంచుతారు. ఈ చెట్టు మన తొగరు జాతిదే. ఎర్ర మట్టి రంగు దాని నుంచే వస్తుంది, నలుపుకు ఇనుము కలుపుతారు. నూలు తయారీకే వారాలు పడుతుంది, ఎండ లేకపోతే ఇంకా ఆలస్యం. కొత్త బట్టకు ఆముదం వాసన ఉంటుంది. రెండు మూడు ఉతుకుల్లో పోతుంది, చల్లనీళ్లలో విడిగా ఉతకాలి, నీడన ఆరేయాలి. గులాబీ, ఆకుపచ్చ కోట్‌పాడ్ అని చూపిస్తే అది ఆల్ వేరు రంగు కాదు. చీర బరువుగా ఉంటుంది, ఎండ ఊళ్లలో ఉండేవాళ్లకు ఉత్తరీయం ఇవ్వడం మేలు.

ఇచ్ఛాపురం_బండి
రాయగడ కొండల్లో ఉండే డోంగ్రియా కొంధు గిరిజనుల శాలువా సంగతి?

రాయగడ_స్టేషన్‌రోడ్
దాన్ని కపడాగండా అంటారు. దానికీ, లంజియా సవర గిరిజనులు గీసే బొమ్మలకీ 2024 జనవరిలో జీఐ వచ్చింది. తెల్లటి ముతక గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో ఆడవాళ్లు సూదితో కుడతారు. ఒక శాలువాకు నెలలు పడుతుంది. తిరగేసి చూడండి: చేత్తో కుట్టిందైతే ముడులు, దారం మళ్లిన చోట్లు కనిపిస్తాయి. మెషిన్‌ది వెనక కూడా ఒకే కొలతలో సాగుతుంది. బుధవారం చటికొనా సంతకు కొండ దిగి వస్తారు. చిల్లర నోట్లు పట్టుకెళ్లండి. ఒంటి మీద కప్పుకున్న శాలువాను అమ్మమని అడగొద్దు.

సవర బొమ్మ కొంటే కాన్వాస్‌ను గొట్టంలో చుట్టండి, మడిస్తే మడత దగ్గర రంగు పెచ్చులూడుతుంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే గీసిన గీత కాస్త ఎత్తుగా తగులుతుంది, ముద్రించింది చదునుగా ఉంటుంది.

బరంపురం_మగ్గం
ఏది చేయించినా సగం అడ్వాన్సు ఇవ్వండి. కొలత, రంగు, తేదీ కాగితం మీద రాసి ఇద్దరూ ఫొటో తీసుకోండి. పండగ తేదీ కాకుండా అంతకు పదిహేను రోజుల ముందు తేదీ వేయండి. బస్సు పార్సిల్లో పంపితే డోక్రాను గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టి మధ్యలో వరిగడ్డి కూరండి. గడ్డి బాగా ఎండిందై ఉండాలి, తేమ ఉంటే ఇత్తడి మీద పచ్చ మరకలు పడతాయి.