హెచ్‌ఐవీ సెల్ఫ్ టెస్ట్ కిట్ ఎక్కడ దొరకాలి? తర్వాత ఎక్కడికి వెళ్లాలి?

అమీర్‌పేట్ హాస్టల్:
ఇంట్లోనే చేసుకునే హెచ్‌ఐవీ సెల్ఫ్ టెస్ట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే సిఫారసు చేసింది. మన హైదరాబాద్‌లో ఆ కిట్లు ఎక్కడ పెడితే జనం భయం లేకుండా తీసుకుంటారు? నా ఓటు ఆన్‌లైన్‌కే. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో లైన్లో నిలబడితే తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఎదురవుతారు. కిట్ అయితే ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది.

ల్యాబ్ టెక్నీషియన్:
తేలిపోదు తమ్ముడూ, నా అభ్యంతరం అక్కడే. రియాక్టివ్ (హెచ్‌ఐవీ ఉండొచ్చు అన్న ఫలితం) వస్తే అది నిర్ధారణ కాదు. ఐసీటీసీకి (ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం) వెళ్లి వేరే కిట్లతో మళ్లీ చేయించుకోవాల్సిందే. గత మూడు నెలల్లో రిస్క్ ఉంటే నెగటివ్‌ను నమ్మి కూర్చోకూడదు. ఇక రెండో గీత లేతగా వస్తే? లేత గీత కూడా రియాక్టివే. అర్ధరాత్రి బాత్రూమ్ లైటు కింద ఆ స్ట్రిప్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకునే మనిషికి ఆ మాట ఎవరు చెబుతారు? ఐసీటీసీలో పరీక్ష ఉచితం, కౌన్సెలర్ ఉంటారు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మన అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

మెడికల్ షాపు, కూకట్‌పల్లి:
మా దగ్గర పెట్టినా అడుగుతారా అన్నది అనుమానమే. కండోమ్ అడగడానికే కౌంటర్ ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడతారు.

ఔట్‌రీచ్ వర్కర్:
చట్టం మంచిదే అన్నా. కౌన్సెలర్ గదిలో మాట బయటకు రాదు, నిజమే. గది బయట బెంచీ సంగతేంటి? జనం భయపడేది ఆ బెంచీకే. బస్తీ దవాఖానాల్లో పెట్టమని కొందరంటున్నారు. అక్కడ చుట్టూ ఉండేది ఆ గల్లీ వాళ్లే, ఇంకా కష్టం.

కిట్ ఎక్కడైనా దొరకనీయండి, దానితోపాటు ఫోన్ ఎత్తే మనిషి ఒకరుండాలి. నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ పెట్టారు. పనిచేసేవాళ్లలోనూ ఆ కమ్యూనిటీ వాళ్లున్నారు. పెద్దాసుపత్రిలో పేరు ఎలా పిలుస్తారో అని హడలిపోయేవాళ్లకు అలాంటి చోటే కావాలి. 2025లో అమెరికా నిధులు ఆగగానే మూతపడింది. వేరే నిధులతో, వేరే పేరుతో మళ్లీ తెరుచుకుంది గానీ, ఇలాంటి చోటు ఎవరో ఇచ్చే డబ్బు మీద ఆధారపడి ఉండటమే నా బాధ.

అమీర్‌పేట్ హాస్టల్:
రియాక్టివ్ వస్తే ఆ రాత్రి ఏం చేయాలి అక్కా? ఆ తర్వాత మందులు తెచ్చుకోవడానికి మాటిమాటికీ ఆఫీసుకు సెలవు పెట్టడం ఎలా?

ఔట్‌రీచ్ వర్కర్:
ముందు ఒంటరిగా ఉండొద్దు. 1097 హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ టోల్‌ఫ్రీ నంబరు ఉంది. మందులు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే చికిత్స) సెంటర్లో ఉచితం. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా మొదలుపెడుతున్నారు. కొత్తలో తరచూ వెళ్లాలి, నిలకడగా ఉంటే రెండు మూడు నెలలవి ఒకేసారి ఇచ్చే పద్ధతి ఉంది. ఇంటికి దగ్గర సెంటరే కావాలని అందరూ అనుకోరు. ఎల్బీనగర్‌లో ఉంటూ గాంధీకి వెళ్లేవాళ్లున్నారు, దూరమే వాళ్లకు నిశ్చింత. క్రమం తప్పకుండా వాడి రక్తంలో వైరస్ వైరల్ లోడ్ పరీక్షలో కనిపించనంత తగ్గితే, సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు. ఈ మాట ఆ రాత్రే తెలియాలి.

ల్యాబ్ టెక్నీషియన్:
ఫోన్ ఎత్తే మనిషి ఉండాలన్నది ఒప్పుకుంటాను. అయినా మొదటి పరీక్షకు నేను ఐసీటీసీ వైపే. ఇంకో రెండు మాటలు. ఏఆర్‌టీ వాడుతున్నవాళ్లు సెల్ఫ్ కిట్‌తో చూసుకోవద్దు, తప్పుగా నెగటివ్ రావచ్చు. రిస్క్ జరిగి 72 గంటలు దాటకపోతే కిట్ కోసం వెతుక్కుంటూ కూర్చోకండి, హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పెప్ మందుల కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.