వర్డ్‌లో జాబితాలు: మౌస్ ముట్టకుండా పని అవుతుందా?

తెల్లకాగితం
రోజూ మీటింగ్ నోట్స్ టైప్ చేసే పని నాది. బుల్లెట్ కావాల్సినప్పుడల్లా మౌస్ కోసం తడుముకోవడం విసుగొచ్చేసింది. కంట్రోల్ షిఫ్ట్ ఎల్ కొడితే బుల్లెట్ వస్తోంది, బానే ఉంది. మళ్లీ అదే కొడితే మాత్రం పోవట్లేదు. నంబర్లకైతే అసలు షార్ట్‌కటే దొరకలేదు. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

పాతకీబోర్డు
అది ఆన్-ఆఫ్ స్విచ్ కాదండీ. ఆ పేరాకి 'లిస్ట్ బుల్లెట్' అనే స్టైల్, అంటే ముందే అమర్చిన రూపం, తొడుగుతుంది, అంతే. తీసెయ్యాలంటే కంట్రోల్ షిఫ్ట్ ఎన్, అంటే నార్మల్ స్టైల్. రాస్తూ రాస్తూ జాబితా ముగించడానికి అదీ అక్కర్లేదు, ఖాళీ బుల్లెట్ దగ్గర ఎంటర్ కొడితే చాలు.

నంబర్లకి లైను మొదట్లో 1, చుక్క, స్పేస్ కొట్టండి. జాబితా దానంతటదే మొదలవుతుంది. వద్దనుకుంటే వెంటనే కంట్రోల్ జెడ్. మీరు టైప్ చేసింది ఉంటుంది, జాబితా పోతుంది.

ట్యాబ్‌వీరుడు
ఉపాంశానికి ట్యాబ్, వెనక్కి రావడానికి షిఫ్ట్ ట్యాబ్. కర్సర్ లైను మొదట్లో ఉండాలి, మధ్యలో కొడితే అక్కడ ఖాళీ వస్తుంది. ఆల్ట్ షిఫ్ట్ కుడి బాణమైతే లైనులో ఎక్కడున్నా పనిచేస్తుంది.

నన్ను నిజంగా కాపాడింది ఆల్ట్ షిఫ్ట్ పై బాణం. ఓసారి 12వ అంశం 3వ స్థానంలోకి రావాలన్నారు. అంతకుముందైతే కట్ చేసి పేస్ట్ చేసేవాణ్ణి, నంబర్లు గందరగోళమయ్యేవి. ఇప్పుడు తొమ్మిదిసార్లు బాణం నొక్కాను, నంబర్లు వాటంతటవే సర్దుకున్నాయి.

రెండుభాషలు
జాగ్రత్త! రెండు భాషల్లో టైప్ చేసేవాళ్లకి విండోస్‌లో ఆల్ట్ షిఫ్ట్ అంటే భాష మారే మీట కూడా. బాణం నొక్కకముందే వేలు తీశానంటే తర్వాతి వాక్యమంతా వేరే లిపిలో వచ్చేది. ఆ మీటని సెట్టింగ్స్‌లో ఆపేశాకే ప్రాణం కుదుటపడింది.

తెల్లకాగితం
అందరికీ థాంక్స్. ఇంకో చిక్కు. 4వ అంశం కింద రెండో పేరా రాయాలి. ఎంటర్ కొడితే 5 వచ్చి కూర్చుంటోంది.

పాతకీబోర్డు
షిఫ్ట్ ఎంటర్. అదే అంశంలో కొత్త లైను వస్తుంది.

కామా_ఫుల్‌స్టాప్
పేరా జస్టిఫై చేసి, అంటే రెండు అంచులూ సమంగా ఉండేలా పెట్టి ఉంటే వద్దు. షిఫ్ట్ ఎంటర్ కొట్టిన లైనులో మూడు మాటలే ఉన్నా, వాటిని ఈ అంచు నుంచి ఆ అంచుకి సాగదీస్తుంది, చూడలేం. నేనైతే ఎంటర్ కొట్టి, ఒక్కసారి బ్యాక్‌స్పేస్ నొక్కుతాను. 5 పోతుంది, లైను మాత్రం పై అంశం మాటలకి సరిగ్గా కిందే ఉంటుంది.

వలసపక్షి
గూగుల్ డాక్స్‌లో కంట్రోల్ షిఫ్ట్ 7 నంబర్లకి, 8 బుల్లెట్లకి. లిబ్రేఆఫీస్‌లో ఎఫ్12, షిఫ్ట్ ఎఫ్12. డాక్స్ అలవాటుతో వర్డ్‌లో కంట్రోల్ షిఫ్ట్ 8 కొట్టానా, పేజీ నిండా చుక్కలూ పేరా గుర్తులూ! ఫైలు పాడైందని బోలెడు టెన్షన్ పడ్డాను. కనబడని గుర్తుల్ని చూపించే మీట అదేనట. మళ్లీ కొడితే మాయం.

పాతకీబోర్డు
నంబర్లకి సొంత మీట కావాలంటే ఆప్షన్స్‌లో కస్టమైజ్ రిబ్బన్, అడుగున కీబోర్డ్ షార్ట్‌కట్స్. 'ఆల్ కమాండ్స్'లో ఫార్మాట్‌నంబర్‌డీఫాల్ట్ వెతకండి. మీరు నొక్కిన మీట ఇప్పటికే దేనికైనా ఉంటే అక్కడే కనబడుతుంది.

తెల్లకాగితం
పెట్టేశాను, పనిచేస్తోంది. పైగా ఇది రెండోసారి కొడితే పోతోంది కూడా. బుల్లెట్లకీ ఇలాంటి కమాండే ఉంది, దానికీ ఓ మీట ఇచ్చేశా.