సేవ ఆగలేదు, ఏకాంత ప్రార్థన ఆగిపోయింది: ముందే కనిపెట్టడం ఎలా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. సండే స్కూలు చెబుతూ, క్వయర్‌లో పాడుతూ, కూటాలకు తప్పకుండా వెళ్లేవాళ్ల గురించి అడుగుతున్నాను. పైకి అంతా బాగానే ఉంటుంది. కానీ ఏకాంత ప్రార్థన మెల్లగా తగ్గిపోతుంది. బైబిలు తెరిచేది పాఠం తయారుచేసుకోవడానికే. చెప్పుకోదగ్గ పాపమూ కనబడదు. దీన్ని ముందే గుర్తించేదెలా? మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి? "ఇంకా ఎక్కువ ప్రార్థించండి" అని మాత్రం చెప్పకండి, దయచేసి.

జవాబు 1:
సిస్టర్, బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన 3వ అధ్యాయంలో సార్దీస్ అనే ఊరి సంఘానికి రాసింది సరిగ్గా ఈ స్థితి గురించే: "జీవించుచున్నావన్న పేరు మాత్రమున్నది." ఆ వెంటనే యేసు "జాగరూకుడవై" (మెలకువగా ఉండి) అంటాడు. ఆ ఊరి చరిత్ర తెలిసినవాళ్లకు ఈ మాట చురుక్కుమంటుంది. సార్దీస్ కోట నిట్టనిలువు కొండమీద ఉండేది. క్రీ.పూ. 546 ప్రాంతంలో పర్షియా రాజు కోరెషు ముట్టడించినప్పుడు, కోటలోని సైనికుడొకడు కిందికి దొర్లిన తన శిరస్త్రాణం కోసం కొండ దిగి, తీసుకుని మళ్లీ ఎక్కాడని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. అది గమనించిన శత్రు సైనికుడు మర్నాడు అదే దారిన ఎక్కాడు. అటువైపు ఎవరూ ఎక్కలేరని కావలే పెట్టలేదు. మళ్లీ క్రీ.పూ. 214 ప్రాంతంలో సెల్యూసిడ్ రాజు మూడో అంతియొకస్ మనుషులు, గోడమీద రాబందులు నిశ్చింతగా వాలుతున్నాయంటే అక్కడ కాపలా లేదని గ్రహించి, అక్కడే నిచ్చెనలు వేశారు.

అందుకే "ఇందులో నాకేం ఇబ్బంది లేదు" అనుకునే చోటే ముందు చూడాలి. పాఠం చెప్పేవాళ్లకు అది వాక్యజ్ఞానం. పాఠం కోసం కాకుండా చివరిసారి ఏ అధ్యాయం చదివారో గుర్తొస్తుందా? పొద్దున వాట్సాప్‌లో వచ్చిన వాగ్దాన వచనంతో ఆ రోజు వాక్యం అయిపోయిందనిపిస్తోందా? అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు ఒప్పుకోలు. "మా పాపాలు క్షమించు ప్రభువా" తప్ప, పేరుపెట్టి ఒక్క తప్పూ ఒప్పుకోకుండా వారాలు గడిచిపోతుంటే కాపలా పోయినట్టే.

జవాబు 2:
మొదలుపెట్టడం గురించి చెబుతాను. రోజుకు 15 నిమిషాలు చాలు. 119వ కీర్తన తీసుకోండి: 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. రోజుకో భాగం చదివి, అందులో ఒక్క వచనాన్ని సొంత మాటల్లో ప్రార్థనగా చెప్పండి, గట్టిగా, నోటితో. ఆ సమయంలో సండే స్కూలు పాఠం ముట్టుకోవద్దు. ఫోన్ ఇంకో గదిలో పెట్టి కాగితపు బైబిలే వాడండి. యాప్‌లో చదువుతుంటే రెండో వచనానికే నోటిఫికేషన్ వస్తుంది.

సాధారణంగా ఎక్కడ చెడుతుందంటే, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చేసే "ఈ ఏడాది బైబిలంతా" తీర్మానం దగ్గర. 1,189 అధ్యాయాలంటే రోజుకు మూడు, నాలుగు. ఫిబ్రవరి రాకముందే లేవీయకాండం వస్తుంది, అక్కడ రెండ్రోజులు తప్పుతాయి. ఆ బాకీ తీర్చలేక మొత్తానికే వదిలేస్తారు. తప్పిన రోజును తప్పినట్టే వదిలేసి తర్వాతి భాగానికి వెళ్లండి.

వారానికోసారి మిమ్మల్ని అడిగే మనిషి ఒకరుండాలి. "ఎలా ఉన్నారు?" అంటే మనమందరం "దేవుని కృప" అని తప్పించుకుంటాం. "మంగళవారం ఏం చదివారు?" అని అడగాలి.

జవాబు 3:
పై ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. ప్రార్థన మందగించిన ప్రతిసారీ అది నిర్లక్ష్యం కాదు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చావు కోరుకుంటే దూత గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి తినమన్నాడు. అలసినవాళ్లకు ప్రార్థించలేకపోతున్నామన్న బాధ ఉంటుంది. ఆత్మీయ మత్తులో, అంటే నిర్లక్ష్యంలో ఉన్నవాళ్లకు ఆ బాధ కూడా ఉండదు. నిద్ర చాలని మనిషి రాత్రి ప్రార్థన ఇంకో గంట పెంచితే మోకాళ్లమీదే కునుకు పడుతుంది. ముందు రెండు వారాలు నిద్ర సరిచేసుకుని చూడండి. ప్రార్థనే కాదు, తిండి, మాటలు, పని దేనిమీదా ఆసక్తి లేకపోతే డాక్టరు దగ్గరికీ వెళ్లాలి.

ప్రశ్న వేసినవారు:
కృతజ్ఞతలు. అలాగైతే సండే స్కూలు కొన్నాళ్లు మానేయడం మంచిదా?

జవాబు 2:
ఒక్కసారిగా మానొద్దు సిస్టర్. పాస్టర్ గారితో మాట్లాడి, వారం విడిచి వారం ఇంకొకరు చెప్పేలా చూడండి. శనివారం సాయంత్రం క్వయర్ ప్రాక్టీసు, ఆ రాత్రే పాఠం తయారీ పడుతుంటే ముందు ప్రాక్టీసు నుంచి సెలవు తీసుకోండి. పాటకు ఇంకో గొంతు దొరుకుతుంది, పిల్లలు మాత్రం టీచరు మారితే రావడమే మానేస్తారు.