అప్‌డేట్: నాన్న ఏమీ ఫీల్ అయితలేడా అని అడిగిన కదా

పోయిన నెల అడిగిన, నాన్నకి నోటి క్యాన్సర్ అని తెలిసినా "నాకేమైంది, మంచిగనే ఉన్న" అంటడు, ఏడ్వడు, భయపడడు, నోరు మండుతుంది అని మాత్రం రోజంతా చెప్తడు, అసలు అర్థమైందా లేదా అని. మీరు చెప్పినట్టే లక్డీకాపూల్ దగ్గర సైకో ఆంకాలజీ మేడం (క్యాన్సర్ వచ్చినోళ్ల మనసు సంగతి చూసే డాక్టర్) దగ్గరికి తీస్కపోయిన.

ఆమె ఒక పేపర్ ఇచ్చింది, జబ్బుని మనం ఎట్ల చూస్తున్నమో అడిగే 9 ప్రశ్నలు, ఎనిమిదింటికి 0 నుంచి 10 వరకు మార్కులేయాలె, ఆఖరిది కారణాలు మూడు రాయమంటది. నాన్న జర్దా అని రాసి, రెండోది తలరాత అని రాసి, మూడోది ఖాళీగ వదిలేసిండు. మనసుకి ఎంత బాధ అనే దానికి సున్నా వేసిండు. దీన్ని అలెక్సిథైమియా అంటరట, 1970ల్లో సిఫ్నియోస్ అనే డాక్టర్ పెట్టిన పేరు, ఫీలింగ్ ఉంటది గానీ అదేందో గుర్తుపట్టి మాటల్లో చెప్పడం రాదు. జబ్బు కాదు, స్వభావం లాంటిది అన్నది మేడం. నేనేమో ఇన్నిరోజులు మొండితనం అనుకొని కోప్పడ్డ, అది తల్చుకుంటే ఇప్పటికీ గుండె పిండినట్టయితది.

మొన్న కీమోకి ముందురోజు రాత్రి చేతులు చల్లగయినయి, ఛాతీ పట్టేసినట్టుంది అంటే బీపీ చూసిన, నార్మలే. భయమైతుందా నాన్నా అని అడిగిన. చాలాసేపు నా చెయ్యి పట్టుకొని కూసున్నడు.

"దీన్ని భయమంటరా బిడ్డా?" అన్నడు.

సోమవారం మళ్ల కీమో ఉంది.