అప్‌డేట్: ముదురు ఎరుపు బొమ్మలపై చారలు, గులాబీ ఛాయ – పరిష్కారం దొరికింది

28 మి.మీ. మినియేచర్ బొమ్మల అంగీలకు ముదురు ఎరుపు వేస్తుంటే కింది నల్ల ప్రైమర్ (రంగు పట్టేందుకు ముందుగా వేసే పూత) చారలుగా కనిపిస్తోందని, వెలుగు పడే అంచులు గులాబీగా మారుతున్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

చారలకు కారణం రంగు స్వభావమేనని తేలింది. నేను వాడిన ఎరుపులోని సేంద్రియ వర్ణకం (రంగునిచ్చే పొడి, పిగ్మెంట్) పారదర్శకమైనది కావడంతో, పూతలు పెంచినా కింది నలుపు అక్కడక్కడా తొంగిచూస్తూనే ఉంది. మీలో ఒకరు సూచించినట్లు, బాగా కప్పే గుణమున్న ఐరన్ ఆక్సైడ్ ఇటుక ఎరుపును (వర్ణక సంకేతాలు ముద్రించే సీసాలపై ఇది పీఆర్ 101గా కనిపిస్తుంది) నీటితో పలుచన చేసి ముందుగా రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరిన తర్వాత దానిపై ముదురు ఎరుపు వేయగా, అంగీ అంతటా రంగు నిండుగా, సమంగా కుదిరింది.

గులాబీ ఛాయకు మూలం, అంచులను లేతగా చూపేందుకు ఎరుపులో తెలుపు కలపడమే. దాని బదులు నారింజను, చివరి సన్నని అంచులకు మాత్రం కొద్దిగా చర్మపు రంగును కలిపితే ఎరుపు ఎరుపుగానే నిలిచింది. మడతల నీడలకు నలుపు కన్నా, చిటికెడు ఆకుపచ్చ కలిపిన ముదురు గోధుమ రంగే నాకు నచ్చింది.

కుంచె మార్చడం, మరో కంపెనీ రంగు కొనడం ఈ సమస్యకు సంబంధం లేనివి. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) అవసరం రాలేదు. ఒక్క జాగ్రత్త: మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కింద ఈ ఎరుపు కాస్త వెలిసినట్లు కనిపించింది; శాటిన్ (కొద్దిపాటి మెరుపున్న) వార్నిష్ వేసిన బొమ్మల్లో లోతు తగ్గలేదు.