ఏసీ గదిలో తీసిన కూలర్ నంబర్లు మన ఎండలకు చెల్లుతాయా?

వేళచ్చేరి గేమర్:
నాది సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1080 టీఐ గ్రాఫిక్స్ కార్డు, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నది. ఫ్యాన్ల గోల భరించలేక కంపెనీ కూలర్ పీకేసి రైజిన్‌టెక్ మార్ఫియస్ 2 అనే పెద్ద కూలర్ బిగించాను. దానికి ఫ్యాన్లు రావు కాబట్టి రెండు 120 ఎంఎంవి విడిగా కొన్నాను. ఏసీ 25లో పెట్టి గేమ్ ఆడితే చిప్ టెంపరేచర్ 83 డిగ్రీల నుంచి 62కి దిగింది. మా ఫ్రెండ్ మాత్రం "ఏసీలో తీసిన నంబర్ చెల్లదు, మే నెల మధ్యాహ్నం తీసి చూపించు" అంటున్నాడు. గది వేడి తీసేసి మిగిలిన తేడా చూసుకుంటే చాలదా?

అంబత్తూరు అన్న:
చాలదు. మన గదులు మేలో 36 ఉంటాయి. 62కి 11 కలిపి 73 అనుకుంటే పొరపాటే. చిప్ వేడెక్కే కొద్దీ లీకేజీ కరెంట్ (పని చేయకుండా వృథాగా కారిపోయేది) పెరుగుతుంది, అదే పనికి ఇంకాస్త కరెంట్ లాగుతుంది. పైగా ఫ్యాన్ తిరిగేది అసలు టెంపరేచర్ చూసి, మీ తీసివేత లెక్క చూసి కాదు. ఏసీలో నిశ్శబ్దంగా ఉన్న కార్డు ఎండలో మళ్లీ గోల మొదలెడుతుంది.

తరమణి టెక్కీ:
అన్నా, రెండు కూలర్లలో ఏది మెరుగో తేల్చడానికి తేడా లెక్క చాలు. నా ఇంట్లో పనికొస్తుందా అన్నదానికి మీ మాట కరెక్ట్. కానీ ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు.

ఆ 83 ఏ థర్మల్ పేస్ట్‌తో (చిప్‌కూ కూలర్‌కూ మధ్య రాసేది) వచ్చింది? ఈ మోడల్ వచ్చింది 2017లో. ఫ్యాక్టరీ పేస్ట్ ఇప్పటికి ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. కొత్త కూలర్‌తో పాటు కొత్త పేస్ట్ కూడా పడింది కదా, మరి తగ్గిన 21 డిగ్రీల్లో కూలర్ వాటా ఎంత? పాత కూలర్‌కే దుమ్ము దులిపి, కొత్త పేస్ట్ రాసి కొలిస్తేనే అది "ముందు" నంబర్.

ఇంకో చిక్కు. ఈ కార్డుకు డీఫాల్ట్ టెంపరేచర్ టార్గెట్ 84. దాని దగ్గరికి రాగానే కార్డే క్లాక్ (చిప్ పనిచేసే వేగం) తగ్గించి, ఫ్యాన్ పెంచుకుంటుంది. అంటే 83 దగ్గర కార్డు తన బ్రేక్ తానే వేసుకుంది. అది లేకపోతే ఎక్కడికి పోయేదో! ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్లాక్, వోల్టేజ్ మారకుండా కట్టేయండి. రెండు కూలర్లూ చెవికి ఒకే మోత వినిపించేలా ఫ్యాన్ స్పీడ్ సెట్ చేసి, టెంపరేచర్ గ్రాఫ్‌లో గీత సమంగా అయ్యేదాకా నడపండి. అంత పెద్ద హీట్‌సింక్ పూర్తిగా వేడెక్కడానికి టైమ్ పడుతుంది, ఐదు నిమిషాల టెస్ట్ దానికి అనుకూలంగానే వస్తుంది. ఫర్‌మార్క్ అనే స్ట్రెస్ టెస్ట్ మాత్రం వద్దు, అది పవర్ లిమిట్‌కు గుద్దుకుని క్లాక్‌ను పడేస్తుంది, గేమ్‌లో జరిగేది అది కాదు.

వేళచ్చేరి గేమర్:
నేనేమీ ల్యాబ్ నడపట్లేదు బ్రో. మొత్తం మారిస్తే ఎంత తగ్గుతుందన్నదే కొనేవాడికి కావాలి.

తరమణి టెక్కీ:
కొనేవాడి కోసమే చెబుతున్నా. వందల రూపాయల పేస్ట్‌తో సగం పని అయిపోయేటట్టుంటే, వేలు పోసి కూలర్ ఎందుకు కొంటాడు?

ఎస్పీ రోడ్ బ్యాచ్:
బెంగళూరు నుంచి. మాకు ఏసీ గొడవ తక్కువలే 😄 ఇంతసేపూ కోర్ (మెయిన్ చిప్) గురించే మాట్లాడుతున్నారు, మెమరీ, వీఆర్‌ఎం (చిప్‌కు వోల్టేజ్ అందించే భాగం) మాటేంటి? పాత కూలర్ ప్లేట్ వాటిని కూడా తాకుతుంది. ఇప్పుడు వాటికి దిక్కు అంటించిన బుల్లి హీట్‌సింకులే. కేసులో కార్డు బోర్లా ఉంటుంది కాబట్టి, వేడికి టేప్ జిగురు వదిలితే అవి ఊడి కింద పడతాయి. ఆర్‌టీఎక్స్ 3080 అయితే మెమరీ టెంపరేచర్ హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది, 110 దగ్గర త్రాటిల్ అవుతుంది (వేగం తానే తగ్గించుకుంటుంది). మీ కార్డులో ఆ రీడింగే రాదు. కోర్ 62 చూసి మురిసిపోతుంటే పక్కన మెమరీ ఉడికిపోతున్నా తెలియదు. మల్టీమీటర్‌కు తగిలించే కే టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) తెచ్చుకోండి.

అంబత్తూరు అన్న:
అది పెట్టినా ఏసీ ఆపే కొలవాలి. వీఆర్‌ఎంకు తగిలేది కేసులోని గాలి. మార్ఫియస్ వేడంతా కేసులోకే వదులుతుంది.

వేళచ్చేరి గేమర్:
సరే, పాత కూలర్ పారేయలేదు, ఆదివారం కొత్త పేస్ట్‌తో బిగిస్తాను. ఏసీతో ఒకసారి, లేకుండా ఒకసారి. థర్మోకపుల్ ఒకటే దొరికింది, ఎక్కడ పెట్టను?

ఎస్పీ రోడ్ బ్యాచ్:
బోర్డు వెనక, సరిగ్గా వీఆర్‌ఎం ఉన్న చోట, కాప్టన్ టేప్‌తో (వేడి తట్టుకునే టేప్). రెండు కూలర్లకూ అదే చోట పెట్టండి.